ఇంటికే సరుకులు తెప్పించుకోవడం: ఎంతవరకు మేలు, ఎక్కడ నష్టం?

సంధ్యాదీపం

అందరికీ నమస్కారం. మాది నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. నాది పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వచ్చే ఉద్యోగం. మావారు వారంలో నాలుగు రోజులు ప్రయాణాల్లోనే ఉంటారు. అందుకే ఏడాదిగా ఇంటి సరుకులన్నీ ఫోన్‌లోనే ఆర్డర్ పెడుతున్నాను. మొదట్లో ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది. నూనె డబ్బా, పిండి సంచీ మోసుకుంటూ రెండో అంతస్తులో ఆగి ఆయాసం తీర్చుకునే బాధ తప్పింది.

నిన్న రాత్రి పాత ఆర్డర్లు చూస్తూ కూర్చున్నాను. పోయిన నెలలో మొత్తం 34. అందులో 19 ఆర్డర్లలో ఉన్నవి మూడు, నాలుగు వస్తువులే. ఒకసారి అల్లం మర్చిపోయాను, ఒకసారి సబ్బు, ఇంకోసారి పాలు విరిగిపోయాయి. ప్రతిసారీ డెలివరీ ఛార్జీ, హ్యాండ్లింగ్ ఛార్జీ. ఆ ఛార్జీ తప్పించుకోవాలని అవసరం లేని బిస్కెట్లు కలిపిన ఆర్డర్లు కూడా ఉన్నాయి. ఇంట్లో తినేవాళ్లు అంతమందే, ఖర్చు మాత్రం అంతకుముందు ఏడాదికంటే బాగా పెరిగింది.

దానికి తోడు మొన్న వచ్చిన ఆకుకూర. పైకి నిగనిగలాడుతోంది. రబ్బర్ బ్యాండ్ తీసి విప్పితే లోపలి ఆకులు నల్లబడి, జిగురుగా వేళ్లకు అంటుకున్నాయి. ఫోటో పెడితే డబ్బు వెంటనే వెనక్కి వచ్చింది. కానీ రాత్రి తొమ్మిదింటికి చేతిలో కూర లేకుండా వంటింట్లో నిలబడ్డాను.

పూర్తిగా మానేయలేను, ఇలాగే కొనసాగించనూలేను. మీ ఇళ్లలో ఎలా చేస్తున్నారో కాస్త వివరంగా చెప్పండి.

నడకమనిషి

సంధ్య గారూ, నా మాట వింటే మానేయండి. కూరగాయల దగ్గర మన చేతికి తెలిసినంత ఫోన్‌కి తెలియదు. యాప్‌లో టమాటా అంటే ఒకటే టమాటా. కొట్టుకి వెళ్తే ఈ పూటకి పండినవి నాలుగు, ఎల్లుండికి దోరవి నాలుగు ఏరుకుంటాం. దోసకాయ తొడిమ దగ్గర నొక్కి చూస్తాం, పండు వాసన చూస్తాం. ఇంకొకరు ఏరి పంపిన సంచీలో మన వంటకు కావాల్సిన లెక్క ఉండదు.

మా అబ్బాయికి పదేళ్లు. ప్రతి శనివారం నాతో నడిచి వస్తాడు. పోయిన వారం వాడే ఒక గుమ్మడికాయను వేలితో తట్టి, చప్పుడు విని పక్కన పెట్టి, ఇంకోటి తీశాడు. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, చూసి నేర్చుకున్నాడు. సరుకులు గుమ్మం దగ్గరికే వచ్చిపడే ఇంట్లో పిల్లలకు ఈ విద్య ఎలా వస్తుంది?

సంధ్యాదీపం

మీరు చెప్పింది నిజమే అన్నయ్యా. కానీ రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరి, మళ్లీ కిందికి దిగి, బరువుతో నాలుగు అంతస్తులు ఎక్కాలంటే నా వల్ల కావడం లేదు. శనివారం కూడా నాకు సగం రోజు డ్యూటీనే.

కిటికీపక్కన

నేను చక్రాల కుర్చీలో ఉంటాను. పన్నెండేళ్లయింది. నడకమనిషి గారూ, మీ మీద కోపంతో రాయడం లేదు. "మానేయండి" అన్న మాట చదవగానే గుండెల్లో కలుక్కుమంది, అందుకే రాస్తున్నాను.

కొట్లో రెండు అరల మధ్య నా కుర్చీ పట్టదు. పట్టినచోట పై రెండు వరసలు నాకు అందవు. ఎవరినో పిలిచి "అది ఇవ్వండి" అంటాను. ఇస్తారు. వెనక ఏం రాసుందో చదివి, వద్దనుకుని, "ఇంకోటి ఇవ్వండి" అనాలంటే మొహమాటం. మూడోసారి అడగలేను. అలా ఏళ్ల తరబడి ఎవరు ఏది చేతికిస్తే అదే కొన్నాను. ఆడవాళ్లకు నెలనెలా కావాల్సినవి కూడా మా తమ్ముడికి చీటీ రాసిచ్చి తెప్పించుకునేదాన్ని.

ఫోన్‌లో మొదటిసారి షాంపూ కొన్న రోజు నాకు గుర్తుంది. ఆరు రకాలు తెరిచి, దేంట్లో ఏముందో పెద్ద అక్షరాలు చేసుకుని చదివి, గంటసేపు ఆలోచించి ఒకటి కొన్నాను. ఆ గంటలో నన్ను తొందరపెట్టినవాళ్లు లేరు. మీకు అది చిన్న విషయం అనిపించవచ్చు. నాకు మాత్రం నా డబ్బుతో నేను నిజంగా కొనుక్కున్న మొదటి వస్తువు అది.

ఇంకో మాట. ఇంట్లో కూర్చుని తెర మీద సరుకులు ఎంచుకునే పద్ధతికి తొలి వాడకందారుగా చెప్పుకునేది ఒక పెద్దావిడనే. 1984 మేలో ఇంగ్లండ్‌లోని గేట్స్‌హెడ్‌లో జేన్ స్నోబాల్ అనే 72 ఏళ్ల ఆవిడ, టీవీ రిమోట్‌తో, ఫోన్ లైన్ మీదుగా మార్జరిన్, కార్న్‌ఫ్లేక్స్, గుడ్లు ఆర్డర్ చేశారు. అది పెద్దవాళ్లకు, కదల్లేనివాళ్లకు సాయంగా అక్కడి స్థానిక ప్రభుత్వం పెట్టిన ఏర్పాటు. కుర్రవాళ్ల సోకు కోసం పుట్టిన పద్ధతి కాదిది.

నడకమనిషి

అమ్మా, క్షమించండి. నా కాళ్లు బాగున్నాయి కాబట్టి నా ఇంటి లెక్కే అందరికీ చెప్పేశాను. మీ పోస్టు మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. "మానేయండి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఓపిక ఉన్నవాళ్లు కూరగాయల వరకైనా వెళ్లి తెచ్చుకుంటే మంచిదన్నది మాత్రం ఇప్పటికీ నా అభిప్రాయమే.

గోదాములో

నేను మూడేళ్లు ఒక డెలివరీ సంస్థ గోదాములో సరుకులు ఏరే పని చేశాను. పేరు చెప్పను. ఆకుకూర మాట చూశాక లోపల ఏం జరుగుతుందో చెప్పాలనిపించింది.

మీరు ఆర్డర్ నొక్కగానే మా చేతిలోని స్కానర్‌లో వరస, అర నంబర్లు వస్తాయి. పరుగులాంటి నడకతో ఒక్కోటి తీసి, బార్‌కోడ్ చూపించి, సంచీలో వేయాలి. పది నిమిషాల్లో డెలివరీ అనే చోట, సంచీ మొత్తం నింపడానికి మాకు దొరికేది రెండు మూడు నిమిషాలే. గడియారం ఎర్రగా మారితే ఆ రోజు లెక్కలో పడుతుంది. అందులో ఆకుకూర కట్ట విప్పి లోపల చూసే తీరిక ఎక్కడిది? పైన పచ్చగా ఉంటే వేసేస్తాం. నేనూ అలాగే వేశాను. ఇప్పుడు తలచుకుంటే బాధగానే ఉంటుంది.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. కొట్టుకి వెళ్లినప్పుడు మీరేం చేస్తారు? పాల ప్యాకెట్, బ్రెడ్ ముందువరసలోది వదిలేసి, చెయ్యి లోపలికి పెట్టి వెనకది తీస్తారు, తేదీ ఎక్కువ ఉంటుందని. గోదాములో దానికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ముందు వచ్చిన సరుకు ముందు పోవాలి. కాబట్టి మీకు పంపేది ముందువరసలోదే, అంటే అందరికంటే తక్కువ రోజులు మిగిలున్నదే. ఇది మోసం కాదు, సరుకు పారబోయకుండా ఉండే పద్ధతి. కానీ వారానికి సరిపడా పెరుగు ఒకేసారి తెప్పించుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. వచ్చిన వెంటనే తేదీలు చూడండి.

మీరు అడిగింది లేకపోతే బదులు ఇంకోటి పంపే సంగతి కూడా చెప్పాలి. ఆర్డర్ పెట్టేటప్పుడు "లేకపోతే వద్దు", "లేకపోతే దగ్గరిది పంపండి", "ఫోన్ చేయండి" అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎవరూ చూడరు. చూడకపోతే ఏది ఉంటుందో దాని ప్రకారమే జరిగిపోతుంది. ఇంట్లో ఎవరికైనా వేరుశనగ, పాలు, గోధుమలాంటివి పడకపోతే, తినే వస్తువులన్నిటికీ "లేకపోతే వద్దు" అనే పెట్టండి. ఏరే మనిషికి మీ ఇంట్లో ఎవరికి ఏది పడదో తెలియదు. నా ముందే ఒకసారి మామూలు బిస్కెట్లకు బదులు వేరుశనగ ఉన్న బిస్కెట్లు పోబోతే, సంచీ కట్టే అమ్మాయి చూసి ఆపింది. ఆ ఇంట్లో అలర్జీ ఉన్నవాళ్లు ఉన్నారో లేదో మాకు తెలియదు. ఆ అమ్మాయికి మాత్రం ఉంది, అందుకే ఆమె కంట పడింది.

సంధ్యాదీపం

గోదాములో గారూ, పెరుగు తేదీలు ఇప్పుడే ఫ్రిజ్ తెరిచి చూశాను. మూడు డబ్బాల్లో రెండింటికి రేపే ఆఖరు. ఏడాదిగా ఒక్కసారి కూడా ఆ కోణంలో ఆలోచించలేదు. ఒక సందేహం. ఏ వేళలో ఆర్డర్ పెడితే ఏరేవాళ్లకు తీరిక ఉంటుంది?

గోదాములో

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు ఊపిరి ఆడదు అక్కా. వర్షం పడుతుంటే ఇక చెప్పక్కర్లేదు. పొద్దున సరుకు దిగిన గంటా రెండు గంటల తర్వాత మంచిది, కూరగాయలు కొత్తవి ఉంటాయి, మనుషులు కూడా నెమ్మదిగా ఉంటారు. వెంటనే కావాలి అనకుండా, మర్నాటి సమయం ఎంచుకునే వీలున్నచోట అది ఎంచుకోండి. అక్కడ ఏరడానికి కొంచెం ఎక్కువ సమయం ఇస్తారు.

లెక్కలపుస్తకం

34 ఆర్డర్లు అన్నారు కదా, ఖర్చు పెరగడానికి కారణం అక్కడే ఉంది. మా ఇంట్లో ఆరు నెలలు రాసి చూశాను. డెలివరీ సరుకులో డబ్బు నాలుగు దారుల్లో పోతుంది. కంటికి కనిపించేది ఒక్క డెలివరీ ఛార్జీయే.

రెండోది వస్తువు ధరలోనే కలిసిపోయి ఉంటుంది. అదే ప్యాకెట్ కొట్లో ఎంత, యాప్‌లో ఎంత అని పది వస్తువులు పక్కపక్కన రాసి చూడండి. మాకు కొన్ని తక్కువకు వచ్చాయి, కొన్ని ఎక్కువకు. మూడోది ప్యాకెట్ సైజు. తెర మీద బొమ్మ ఒకే పరిమాణంలో కనిపిస్తుంది కాబట్టి 400 గ్రాములదీ 500 గ్రాములదీ తేడా తెలియదు. ధర చూడకండి, వంద గ్రాములకు ఎంత పడిందో చూడండి. నాలుగోది మీరే చెప్పారు, ఛార్జీ తప్పించడానికి కలిపిన బిస్కెట్లు. ఛార్జీ కంటే ఆ బిస్కెట్లకు పెట్టింది ఎక్కువైతే, ఛార్జీ కట్టడమే చవక.

మరి ఛార్జీ ఎందుకు తీసుకుంటారంటే, గుమ్మందాకా తేవడం నిజంగానే ఖరీదైన పని. అమెరికాలో వెబ్‌వాన్ అని ఒక సంస్థ 1999లో సరుకుల డెలివరీ మొదలుపెట్టింది, పెద్ద పెద్ద గోదాములు కట్టింది, 2001లో దివాలా తీసింది. నిమిషాల్లో తెచ్చిస్తామని ఇస్తాంబుల్‌లో 2015లో మొదలైన గెతిర్ ఎన్నో దేశాలకు పాకి, 2024లో బ్రిటన్, జర్మనీ, అమెరికాల నుంచి వెనక్కి తగ్గింది. ఒక మనిషి ఒక బండి మీద ఒక ఇంటికి రెండు వస్తువులు తేవడానికి అయ్యే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఇవాళ ఉచితం అంటే పెట్టుబడి పెట్టినవాళ్లు భరిస్తున్నారని అర్థం, లేదా తెచ్చే మనిషి కూలిలో కోత పడుతోందని అర్థం.

పనికొచ్చే మాట ఒకటి. 2010లో మిల్క్‌మన్, రోజర్స్, బేజర్‌మన్ అనే పరిశోధకులు ఒక ఆన్‌లైన్ సరుకుల సంస్థ ఆర్డర్లు పరిశీలించారు. ఆర్డర్ పెట్టడానికి, సరుకు చేరడానికి మధ్య రోజులు ఎక్కువ ఉన్నప్పుడు జనం తక్కువ ఖర్చుపెట్టారు, ఐస్‌క్రీమ్‌లాంటివి తగ్గించి కూరగాయలలాంటివి ఎక్కువ తీసుకున్నారు. రేపటికి కొంటున్నప్పుడు బుద్ధి మాట వింటాం. ఈ క్షణానికి కొంటున్నప్పుడు నాలుక మాట వింటాం. మా ఇంటి పుస్తకంలో కూడా అదే కనిపించింది: పది నిమిషాల ఆర్డర్లలో సగానికి పైగా చిరుతిళ్లే.

రాత్రిడ్యూటీ

మాస్టారూ, చిరుతిళ్ల మాట నిజమే గానీ, అర్ధరాత్రి పసిబిడ్డకు జ్వరం వచ్చి, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు పది నిమిషాల్లో డైపర్లు, థర్మామీటర్ వచ్చాయి. బిడ్డను వదిలి వెళ్లలేను, ఎత్తుకుని వెళ్లలేను. ఆ అబ్బాయి తలుపు దగ్గర సంచీ పెట్టి, బెల్ కొట్టకుండా మెల్లగా మెసేజ్ పెట్టాడు. ఆ రాత్రి అతను నా పాలిట దేవుడే. ఖర్చు పుస్తకంలో ఇలాంటివాటికి వేరే గడి పెట్టండి.

లెక్కలపుస్తకం

తప్పకుండా అమ్మా. అలాంటి రోజు ఖర్చు గురించి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

చల్లనిగది

ఆహార పదార్థాలను చల్లగా నిల్వచేసే గిడ్డంగిలో నా ఉద్యోగం. ఇక్కడ ఎవరూ వేడి మాట ఎత్తలేదు, నాకు అదే అన్నిటికంటే ముఖ్యం.

పాలు, పెరుగు, మాంసం, చేపలాంటివి 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువలో ఉండాలి. గడ్డకట్టినవి మైనస్ 18లో. 4 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య సూక్ష్మక్రిములు జోరుగా పెరుగుతాయి. అందుకే బయట రెండు గంటలకు మించి ఉంచకూడదంటారు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే గంటే. ఈ గంట మీ గుమ్మం దగ్గర మొదలవదు, గోదాము ఫ్రిజ్‌లోంచి బయటికి తీసినప్పుడే మొదలవుతుంది. "బయట పెట్టి వెళ్లండి" అని రాసి, సాయంత్రం ఇంటికొచ్చి పాలు లోపల పెట్టుకునేవాళ్లు దయచేసి ఆ అలవాటు మానండి.

గడ్డకట్టిన ప్యాకెట్ వచ్చినప్పుడు చేత్తో కదిపి చూడండి. బఠాణీలు గలగలమంటూ విడివిడిగా కదలాలి. ఒకే ముద్దగా ఉంటే దారిలో ఎక్కడో కరిగి మళ్లీ గడ్డకట్టిందని అనుమానించాలి. కరగడం మొదలై లోపల ఇంకా మంచు పలుకులు ఉంటే, ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉంటే, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, రుచి కాస్త తగ్గుతుంది. మాంసం గోరువెచ్చగా తగిలితే ఇంకేమీ ఆలోచించకండి, తీసుకోవద్దు.

సంధ్య గారి ఆకుకూర తడితో కట్టిన కవర్లో ఉండి ఉంటుంది. తడి ఆకు గాలి ఆడకుండా ఉంటే లోపల్నించి కుళ్లుతుంది. వచ్చిన వెంటనే కట్ట విప్పి, పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. ఒకే సంచీలో వచ్చాయి కదా అని అరటిపళ్లు, ఆపిల్స్ పక్కన ఆకుకూరలు ఉంచకండి. ఆ పళ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, దానికి ఆకులు తొందరగా పసుపెక్కుతాయి.

రెండుచక్రాలు

నేను డెలివరీ చేస్తాను. చదువుతూ ఉన్నాను ఇంతసేపు, రాయాలా వద్దా అనుకున్నాను.

నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు అని మొదటి లైన్ చదవగానే నా మోకాళ్లు గుర్తొచ్చాయి. నీళ్ల సీసాల కట్ట, పిండి సంచీ, నూనె డబ్బా కలిపి ఒకే ఆర్డర్ వస్తే ఒకేసారి మోయలేను. రెండుసార్లు ఎక్కాలి. నాకు డబ్బు ఆర్డర్‌కి ఇస్తారు, మెట్లకు ఇవ్వరు. పైన ఉన్నంతసేపూ కింద బండి మీద ఇంకొకరి సరుకులు ఉంటాయి, వాటి మీదే మనసు. ఆలస్యమైతే ఆ రెండో ఇంటివాళ్లు తక్కువ స్టార్లు ఇస్తారు. వాళ్లకు నా మెట్ల సంగతి తెలియదు కదా.

అక్కా, మీరు బాధపడాలని చెప్పడం లేదు. మీ అత్తయ్యగారిలాంటివాళ్ల కోసం ఎక్కడం నాకు ఇష్టమే. కొన్ని ఇళ్లలో పెద్దావిడ తలుపు తీసి "నాయనా, కాసేపు కూర్చో" అంటుంది. కూర్చోలేను, కానీ ఆ మాట రోజంతా గుర్తుంటుంది. నేను అడిగేది చిన్నవి. ఇంటి నంబరు కనిపించేలా పెట్టండి. మ్యాప్‌లో గుర్తు సరిగ్గా మీ గేటు మీద ఉందో లేదో ఒకసారి చూడండి, మొదటి మూడు నెలలు నా సమయం సగం దానికే పోయింది. ఫోన్ ఎత్తండి. మెట్ల లైటు వేసి ఉంచండి. బరువైనవి ఉన్న రోజు అది రాయడానికి చోటు ఉంటే "నాలుగో అంతస్తు, మెట్లు" అని రాయండి, మనసును సిద్ధం చేసుకుని వస్తాం.

సరుకు బాగోకపోతే సంస్థకు చెప్పండి, తక్కువ స్టార్ మాకు వేయకండి. సంచీ మేం కట్టలేదు, ఏరలేదు, చాలాసార్లు లోపల ఏముందో కూడా మాకు తెలియదు.

సంధ్యాదీపం

తమ్ముడూ, ఆకుకూర వచ్చిన రోజు నేను రెండు స్టార్లు ఇచ్చాను. తెచ్చిన అబ్బాయికి. ఆ కోపంలో ఎవరికి ఇస్తున్నానో చూసుకోలేదు. ఇప్పుడు వెనక్కి తీసుకునే దారి వెతికితే కనిపించలేదు. మనసుకు చాలా కష్టంగా ఉంది.

రెండుచక్రాలు

పర్లేదక్కా. మళ్లీ ఎవరికైనా ఇచ్చేటప్పుడు గుర్తుంటే చాలు.

పచ్చదారి

పర్యావరణం వైపు నుంచి ఒక మాట. డెలివరీ అంటే కాలుష్యం అని అందరూ అంటారు, అది సగమే నిజం. అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ ఇంజనీర్లు 2013లో సియాటిల్ నగరం మీద ఒక అధ్యయనం చేశారు. ఒక్కొక్కరు తమ కారులో కొట్టుకి వెళ్లి రావడం కంటే, ఒకే వ్యాన్ వరసగా చాలా ఇళ్లకు పంచుతూ పోతే వెలువడే కార్బన్ డయాక్సైడ్ బాగా తగ్గుతుందని తేల్చారు. ఇందులో రెండు షరతులున్నాయి. డెలివరీ లేకపోతే జనం కారులో వెళ్లేవాళ్లయి ఉండాలి, వ్యాన్ దగ్గరదగ్గర ఇళ్లను కలిపి ఒకే చుట్టులో తిరగాలి.

నడిచి వెళ్లేవాళ్లు డెలివరీకి మారితే తగ్గేది ఏమీ లేదు, పెరిగేదే. పది నిమిషాల్లో ఒక్క ఇంటికి ఒక్క బండి వస్తే చుట్టు అనేదే లేదు. అందుకని వేగమే అసలు సమస్య అని నేను నమ్ముతాను. రేపు పొద్దున పది నుంచి ఒంటిగంట లోపు ఎప్పుడైనా తెండి అని మనం అంటే, అదే బండి మన వీధిలో పది ఇళ్లకు ఒకేసారి పంచగలదు. ఏరేవాళ్లకు ఊపిరి ఆడుతుంది, తెచ్చేవాళ్లకు పరుగు తప్పుతుంది. ఇంతకుముందు గోదాములో గారు, లెక్కలపుస్తకం గారు, తమ్ముడు చెప్పిన బాధలన్నీ చూడండి, అన్నీ ఈ తొందర దగ్గరే కలుస్తున్నాయి.

ప్యాకింగ్ గురించి కూడా రాయాలని ఉంది. నాలుగు వస్తువులకు మూడు కవర్లు వస్తున్నాయి. సంచులు వెనక్కి తీసుకునే సంస్థలు ఉన్నాయి, మీ దగ్గర ఆ వీలుంటే వాడండి.

గోదాములో

పచ్చదారి గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. లోపల పనిచేసినవాణ్ని, నేను సాక్ష్యం.

కొట్టుమనిషి

మాది తరాలుగా చిన్న కొట్టు. ఇంటికి సరుకులు పంపడం కొత్తేం కాదు. కొనేవాళ్లే అరల మధ్య తిరిగి తీసుకునే కొట్టు 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో పిగ్లీ విగ్లీ పేరుతో మొదలైందంటారు. అంతకుముందు చీటీ ఇస్తే కొట్టువాళ్లే తూచి, కట్టి ఇచ్చేవాళ్లు, చాలామంది ఇంటికి పంపేవాళ్లు కూడా. మేం ఇప్పటికీ ఫోన్ చేస్తే పంపుతాం.

మా దగ్గర ఉండి ఆ యాప్‌ల దగ్గర లేనిది ఒకటే, మనిషి మనకు తెలిసి ఉండటం. ఒక ముసలాయన ప్రతి సోమవారం ఫోన్ చేసేవారు. ఒక సోమవారం చేయలేదు. మధ్యాహ్నం దాకా చూసి మా వాణ్ని పంపాను. ఆయన స్నానాలగదిలో జారిపడి, లేవలేక, పొద్దుట్నుంచీ అలాగే ఉన్నారు. ఇప్పుడు బాగున్నారు, సోమవారం ఫోన్ మళ్లీ వస్తోంది. అందుకే ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకైనా తెలిసిన కొట్టు నుంచి తెప్పించండి అని అడుగుతాను. ఇందులో నా వ్యాపారం కూడా ఉంది, కాదనను.

కిటికీపక్కన

కొట్టుమనిషి గారూ, మీలాంటివాళ్ల కొట్టు మా వీధిలో ఉంటే నేను తప్పకుండా ఫోన్ చేసేదాన్ని. ఒక్క మనవి. గుమ్మం దగ్గర ఒక్క మెట్టు ఉన్నా నా కుర్చీ లోపలికి రాదు. వీలైతే ఒక చిన్న ర్యాంపు వేయించండి.

కొట్టుమనిషి

మెట్లు రెండున్నాయి తల్లీ. రేపు మేస్త్రీతో మాట్లాడతాను.

తాళంచెవి

ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటున్నాను. ఏం కొంటున్నామో ఏళ్ల తరబడి ఒకచోట నమోదవుతోంది. మధుమేహం ఉన్నవాళ్ల ఇల్లేదో, పసిబిడ్డ ఉన్న ఇల్లేదో ఆ జాబితా చూస్తే తెలిసిపోతుంది. సెట్టింగ్స్‌లో ప్రకటనల కోసం సమాచారం వాడే అనుమతి ఆపేయండి, ఫోన్‌లో కాంటాక్టులు చూసే అనుమతి ఇవ్వకండి. సరుకులు పంపడానికి మన కాంటాక్టులు అక్కర్లేదు.

సంధ్యాదీపం

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. మీరందరూ చెప్పినవి కలిపి ఒక పద్ధతి పెట్టుకున్నాను.

ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించాను. ఏది అయిపోతే అది అక్కడ రాయాలి, వెంటనే ఫోన్ తీయకూడదు. బరువైనవి, పాడవనివి నెలకు రెండే ఆర్డర్లు, ముందురోజే పెడతాను. ఆ రెండు ఆర్డర్లలో కూడా నూనె, పిండి, నీళ్లు ఒకేసారి కాకుండా విడగొట్టాను, తమ్ముడి మోకాళ్లు గుర్తొచ్చి. పాలు, పెరుగు వారానికి రెండుసార్లు, అత్తయ్య ఇంట్లో ఉండే పొద్దుటి వేళకే. కూరగాయలు ఆదివారం నేనే వెళ్లి తెస్తున్నాను, మిగతా సరుకుల బరువు లేదు కాబట్టి నాలుగు అంతస్తులు ఎక్కగలుగుతున్నాను. నడకమనిషి అన్నయ్యా, పండినవి నాలుగు, దోరవి నాలుగు, మీ లెక్కే.

ఈ నెల ఆర్డర్లు 13. అందులో మూడు అనుకోనివి. ఒకటి మావారికి ఒంట్లో బాగోలేని రోజుది, దానికి నేనేం బాధపడటం లేదు. మిగతా రెండూ చిరుతిళ్లే, ఒప్పుకుంటున్నాను. ఖర్చు పాత ఏడాది స్థాయికి ఇంకా రాలేదు, కానీ తగ్గింది.

సరుకులు వచ్చిన రోజు అత్తయ్య తలుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. ఒక్కో ప్యాకెట్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని తేదీ పైకి చదువుతుంది, గుడ్ల అట్ట తెరిచి ఒక్కో గుడ్డునీ వేలితో కొంచెం తిప్పి చూస్తుంది. పగిలి అట్టకు అంటుకున్నది ఉంటే కదలదట. నిన్న ఒకటి దొరికింది. మెట్ల మలుపులో ఒక స్టూలు కూడా వేయించాం, సరుకు తెచ్చేవాళ్లు బరువు దించుకోవడానికి.

రెండుచక్రాలు

స్టూలు ఏ అంతస్తులో వేశారక్కా?

సంధ్యాదీపం

రెండో అంతస్తులో తమ్ముడూ. నేను ఆయాసం తీర్చుకునేదాన్ని అన్నానే, అక్కడే.